ముందు గది, తర్వాతే మైకు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. పైన స్లాబు, చుట్టూ తొమ్మిదంగుళాల ఇటుక గోడ, వీధి వైపు ఒక కిటికీ, డాబా వైపు ఒక తలుపు. ఇందులో చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టుకోవాలని ఉంది. హార్మోనియం మీద భజనలు, జముకుల కథ, డప్పు, తప్పెటగుళ్లు, కుదిరితే కొండ మీది సవర పెద్దల పాటలు రికార్డు చేయాలని ఆశ. లాప్‌టాప్ ఉంది, చేతిలో లక్షన్నర ఉంది, ఏసీ లేదు. కిటికీ కిందే బస్సులు, పండగొస్తే బాక్సుల మోత. గోడలకు కోడిగుడ్ల ట్రేలు అంటించమని ఒకాయన, ముందు మంచి కండెన్సర్ మైకు కొనమని ఇంకొకాయన చెప్పారు. కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి వెళ్లగానే స్పీకర్లో జర్రుమని చప్పుడు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం: ఆ ఇద్దరి సలహాలూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గుడ్ల ట్రే పల్చటి అట్ట. దానికి బరువు లేదు కాబట్టి బస్సు హారన్‌ని ఆపలేదు, మందం లేదు కాబట్టి గదిలోని గింగురునూ పీల్చలేదు. పై స్థాయి (సన్నగా, కీచుగా ఉండే) శబ్దాన్ని కొంచెం చెదరగొడుతుంది, అంతే. పైగా నిప్పంటుకుంటే భగ్గుమంటుంది, మీ వైపు చెమ్మకు బూజు పడుతుంది. ఇక కండెన్సర్ మైకు (సన్నటి తెరతో, బయటి నుంచి కరెంటు తీసుకుని పనిచేసే సున్నితమైన రకం) మంచిదే, కానీ గది సిద్ధం కాకుండా దాన్ని కొంటే వీధినీ గోడల మోతనూ ఖరీదుగా రికార్డు చేసుకోవడమే అవుతుంది.

ఈ పనిలో డబ్బు వృథా అయ్యే మొదటి చోటు ఒకటుంది. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపడం ఒక పని, లోపలి చప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగి రాకుండా చేయడం వేరే పని. మొదటిదానికి బరువు కావాలి, కన్నాల్లేని మూత కావాలి. రెండోదానికి గాలి దూరే మెత్తటి మందం కావాలి. దూదిలాంటిది బస్సు మోతను ఆపదు, ఇటుక గోడ గింగురును తగ్గించదు. బజార్లో 'సౌండ్‌ప్రూఫ్ ఫోమ్' అని అమ్మే అంగుళం మందం స్పాంజి మొదటి పని అసలు చేయదు, రెండోదాన్ని సగం కూడా చేయదు.

బయటి చప్పుడు సంగతి ముందు చూద్దాం. మీ గోడలు ఇప్పటికే మంచివి. రెండు వైపులా ప్లాస్టరు చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెళ్ల వరకు చప్పుడు తగ్గిస్తుంది. వాటిని ముట్టుకోవద్దు. గదిలో గది కట్టమని ఎవరైనా చెప్పినా వినకండి. నాలుగు వైపులా మళ్లీ గోడ లేపితే 12 అడుగులు 11 అవుతుంది, ఖర్చు మాత్రం మీ లక్షన్నర దాటిపోతుంది. దొంగలు ఇద్దరే, తలుపూ కిటికీ.

మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపు కింద అరంగుళం సందు ఉందనుకోండి. తలుపు వైశాల్యంలో అది వందో వంతు కూడా కాదు. అయినా ఆ సందు ఉన్నంతకాలం తలుపు ఎంత బరువుదైనా 22 డెసిబెళ్ల దగ్గర ఆగిపోతుంది. నీళ్లు కారే చోటు నుంచి చప్పుడు కూడా కారుతుందని గుర్తుంచుకుంటే చాలు. కాబట్టి పాత తలుపు తట్టి చూడండి. డొల్లగా మోగితే తీసేసి, లోపల నిండుగా చెక్క ఉన్న 35 మిల్లీమీటర్ల ఫ్లష్ డోరు పెట్టించండి. ద్వారబంధం మూడు వైపులా రబ్బరు పట్టీ వేయించండి, తలుపు మూస్తే అది నలగాలి. గడప లేకపోతే చెక్క గడప కట్టించి దానికీ రబ్బరు వేయండి. ద్వారబంధానికీ గోడకూ మధ్య తాపీమేస్త్రీ వదిలేసిన సందులు తప్పకుండా ఉంటాయి. వాటిని సిమెంటుతోనో సిలికాన్ సీలెంటుతోనో నింపించండి. చీకట్లో గది లోపల నిలబడి, బయట ఎవరి చేతైనా టార్చి వేయిస్తే వెలుతురు ఎక్కడెక్కడ దూరుతోందో తెలిసిపోతుంది.

కిటికీని ఇటుకలతో మూసేయడం అందరికీ తట్టే ఆలోచన. మీకు అది వద్దంటాం. తలుపు కూడా గట్టిగా మూసుకుపోతే గదికి గాలి లేదు. ఇద్దరు కూర్చుని అరగంట పాడితే ఉక్కపోస్తుంది, తల భారంగా ఉంటుంది. చెమ్మ బయటికి పోక వర్షాకాలం గోడ నల్లబడుతుంది. అందుకని తీసి పెట్టుకునే మూత చేయించండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకకు వెనక 12 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు బిగించి, చుట్టూ మెత్తటి రబ్బరు పట్టీ వేసి, కిటికీ గూడులోకి బిర్రుగా కూర్చునేలా కోయించాలి. నాలుగడుగులు మూడడుగుల కిటికీకి ఇది పాతిక కిలోలదాకా తూగుతుంది. అందుకని రెండు పిడులు, అడుగున ఆనడానికి చిన్న చెక్క మెట్టు పెట్టించండి. పాత కిటికీ రెక్కలు అలాగే ఉండాలి. రెక్కలకూ మూతకూ మధ్య గాలి పొర ఎంత వెడల్పుంటే అంత మేలు, నాలుగంగుళాలుంటే బాగు. పాడేటప్పుడు మూత పెట్టండి, పాటకూ పాటకూ మధ్య తీసేయండి.

ఇంత చేసినా బస్సు హారనూ మనుషుల మాటలూ తగ్గుతాయి గానీ పండగ బాక్సుల అడుగు మోత తగ్గదు. తక్కువ స్థాయి (బరువైన, మంద్రపు) శబ్దం గోడనే ఊపుకుంటూ వస్తుంది. దానికి మందు డబ్బు కాదు, టైము. ఒక వారం పాటు గంటగంటకూ గదిలో ఏం వినిపిస్తోందో కాగితం మీద రాయండి. బస్సు ఎప్పుడు, గుడి మైకు ఎప్పుడు, గుణుపురం రైలు ఎప్పుడు, పక్కింటి మోటారు ఎప్పుడు అని. అందులోంచి రోజుకు రెండు మూడు గంటల నిశ్శబ్దం దొరుకుతుంది. వర్షాకాలం రాత్రిళ్లు కప్పల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక గది లోపలికి వద్దాం. మీ కొలతల్లో ఒక చిక్కు ఉంది, వెడల్పూ ఎత్తూ ఒకటే. 565ని (సెకనుకు అడుగుల్లో శబ్దం వేగంలో సగం) అడుగుల కొలతతో భాగిస్తే ఎదురెదురు గోడల మధ్య నిలబడి ఊగే మొదటి శబ్దం ఎన్ని హెర్ట్జో వస్తుంది. 12 అడుగులకు 47, 10 అడుగులకు 56.5. దానికి రెట్టింపు దగ్గర, మూడింతల దగ్గర కూడా అదే జరుగుతుంది. మీ గదిలో పక్క గోడల మధ్యా, నేలకూ స్లాబుకూ మధ్యా ఒకేచోట, 56.5 దగ్గరా 113 దగ్గరా, ఉబ్బు వస్తుంది. మగ గొంతు మంద్రంలోకి దిగితే 113 చుట్టుపక్కలే తిరుగుతుంది. అంటే పాటలో ఒకే స్వరం వచ్చినప్పుడల్లా గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉబ్బుతుంది. చాలామంది దాన్ని మైకు తప్పనుకుని మైకు మారుస్తారు.

ఈ ఉబ్బు గదంతా ఒకేలా ఉండదు. 113 హెర్ట్జ్ దగ్గర అది గోడల పక్కనా సరిగ్గా నడిమధ్యనా ఎక్కువ, గోడ నుంచి రెండున్నర అడుగుల దగ్గర దాదాపు సున్నా. గది మధ్యలో నిలబడి పాడేవాడి నోరు నేలకు అయిదడుగుల ఎత్తులో, పక్క గోడలకు అయిదేసి అడుగుల దూరంలో ఉంటుంది. అంటే రెండు ఉబ్బులూ కలిసే చోటే! అదే చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నోరు నేలకు సుమారు రెండున్నర అడుగుల ఎత్తుకు వస్తుంది. హార్మోనియం ముందు కూర్చుని పాడే మన పద్ధతి మీ గదికి సరిగ్గా సరిపోయింది. గది పొడవునా ఎదురుగా చూస్తూ, నడిమధ్య నుంచి ఒక పక్కకు జరిగి, ఒక పక్క గోడకు మూడడుగుల దూరంలో కూర్చోబెట్టండి. పైసా ఖర్చు లేదు.

మిగతాది పలకలు చేస్తాయి. వీటికి రాక్‌వూల్ (రాతి నారతో చేసిన మెత్తటి పలక) వాడండి. ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత, 50 మిల్లీమీటర్ల మందం చాలు. రెండు పొరలు కలిపితే నాలుగంగుళాలవుతుంది. అంతకంటే బరువైనది కొంటే ఇంకా బాగా పీలుస్తుందనుకోవద్దు, ఈ మందానికి గాలి లోపలికి దూరాలి. ముందు రాక్‌వూల్ తెప్పించి, కొలిచి, ఆ తర్వాతే వడ్రంగిని పిలవండి. ఫ్రేములు ముందే చేయించేస్తే తర్వాత వచ్చే పలకల సైజు వేరుగా ఉండి మళ్లీ కోయాల్సొస్తుంది. నాలుగంగుళాల లోతున్న చెక్కపట్టీలతో సుమారు నాలుగడుగులు, రెండడుగుల ఫ్రేము చేయించి, రెండు పొరలు పెట్టి, ముందు వైపు గుడ్డ కట్టి స్టేపుల్ చేయించాలి. వెనక ప్లైవుడ్ కొట్టొద్దు, సన్నటి గుడ్డ చాలు. గుడ్డ ఏదైనా ఫరవాలేదు, నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, అంతే పరీక్ష. రెక్సిన్ పనికిరాదు. రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు మాస్కు, చేతికి గ్లవుసులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పని డాబా మీద చేసుకోండి. ఒక్కో పలక ఫ్రేముతో కలిపి ఏడెనిమిది కిలోలుంటుంది. కర్రకు చెదమందు పూయించడం మరిచిపోవద్దు.

ఎన్ని కావాలి? తొమ్మిదితో మొదలుపెట్టండి, అంటే 50 మిల్లీమీటర్ల ముక్కలు 18. నాలుగు మూలలకూ ఒక్కోటి అడ్డంగా, వెనక త్రికోణంగా ఖాళీ ఉండేలా నిలబెట్టాలి. మూలల్లోనే తక్కువ స్థాయి శబ్దం గుమిగూడుతుంది, ఇక్కడి మందమే ఆ కుండ మోతను దించుతుంది. పాడేవాళ్లు కూర్చునే చోటికి రెండు పక్కలా ఒక్కోటి, ఎదుటి గోడకు ఒకటి, నెత్తిన స్లాబు నుంచి నాలుగంగుళాలు దిగేలా రెండు. గోడకు ఆనించి కొట్టకుండా మధ్యలో నాలుగంగుళాల ఖాళీ వదిలితే అదే పలక ఇంకా తక్కువ స్థాయిని కూడా పీలుస్తుంది. మీకు ఇంకో లాభం, వర్షాకాలం చెమ్మ గోడ నుంచి పలకకు పాకదు. నెత్తిన వేలాడేవాటికి మేకులు కాదు, యాంకర్ ఫాస్టనర్లు వాడాలి, ఒక్కో పలకకు నాలుగు. కింద ఎవరో తల వంచుకుని పాడుకుంటుంటారు.

డబ్బు చాలకపోతే ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంతలుంటాయి. దండెం మీద రెండు మడతలుగా, గోడకు అర అడుగు దూరంలో వేలాడదీస్తే గొంతు స్థాయిలో గింగురు బాగానే తగ్గుతుంది. మూలల పని మాత్రం బొంత చేయలేదు. నేలంతా తివాచీ పరచాలన్న తొందర వద్దు. పల్చటి తివాచీ పై స్థాయిని మాత్రమే తినేసి అడుగు మోతను వదిలేస్తుంది. అప్పుడు గది మూగగానూ ఉంటుంది, ఉబ్బుతుంది కూడా. కూర్చునే చోట చాప మీద ఒక బొంత చాలు. చప్పట్లు కొట్టి చూడండి. ఠప్పుమన్నాక జర్రుమని తోక వినిపించిందంటే ఎక్కడో రెండు ఉత్త గోడలు ఎదురెదురుగా మిగిలాయన్నమాట.

ఇక ఇన్వర్టరు జర్రు. హూఁ అని నిలకడగా వచ్చే మోత ఒకటి, జర్రుమని గీసుకుంటూ వచ్చేది ఇంకొకటి. రెండింటి కారణాలూ వేరు. మీది రెండోది కాబట్టి మీ ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌ది అయ్యుండాలి. అది ఇచ్చే కరెంటు మెట్లు మెట్లుగా ఉంటుంది, ఆ మెట్ల అంచులే స్పీకర్లో వినబడతాయి. సైన్ వేవ్ ఇన్వర్టరుకు మారితే పోతుంది. మారలేకపోతే కరెంటు పోయినప్పుడు చార్జరు పీకేసి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి పంపే డబ్బా) కొనండి. ఈ రెండూ కలిస్తే ఇన్వర్టరు ఉన్నా లేనట్టే. ఎల్‌ఈడీ డిమ్మరూ పాత ఫ్యాను రెగ్యులేటరూ కూడా ఇలాంటి జర్రే పెడతాయి. ఇన్వర్టరును మాత్రం గదిలో పెట్టొద్దు, దానికీ ఒక గొంతుంది.

హూఁ మోత 50 హెర్ట్జ్ కరెంటుది. సాధారణంగా ఎర్తింగు సరిగా లేకనో, పరికరాలు రెండు వేర్వేరు బోర్డుల మీద ఉండటం వల్లనో వస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ బోర్డు నుంచి ఈ గదికి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల ఎంసీబీ వేయించండి. స్టూడియో సామానంతా ఆ ఒక్క బోర్డు నుంచే నడవాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టించండి. రెండు వోల్టులు దాటితే ఎర్త్ గొయ్యి సంగతి చూడాల్సిందే. ఎర్త్ టెస్టరుతో కొలిస్తే అయిదు ఓముల లోపు రావాలి. మోత పోవడానికి ప్లగ్గు మూడో పిన్ను విరిచేసే చిట్కా ఎవరైనా చెబితే ఆ మనిషిని గదిలోకి రానివ్వకండి. మోత పోతుంది, మైకు పట్టుకున్నవాడి ప్రాణం కూడా పోవచ్చు. ఇక ఎండాకాలపు గాలివానల్లో మీ జిల్లాలో పిడుగులు ఎక్కువ. ఉరుము వినగానే స్విచ్చు ఆపడం కాదు, ప్లగ్గులూ ఇంటర్నెట్ తీగా పీకేయాలి.

ఇప్పుడు సామాను. లక్షన్నరను మేమైతే ఇలా పంచుతాం. తలుపు, కిటికీ మూత, పలకలకు 60 వేలు. కరెంటు పనికి 12 వేలు. ఇంటర్‌ఫేస్, మైకులకు 35 వేలు. హెడ్‌ఫోన్లకు 10 వేలు. స్టాండ్లు, తీగలు, పాప్ ఫిల్టరుకు (నోటి గాలి మైకుకు కొట్టకుండా ఆపే జల్లెడ) 8 వేలు. బ్యాకప్ డిస్కుకు 5 వేలు. మిగిలిన 20 వేలూ ముట్టుకోకండి, నాలుగో నెలలో అది ఎందుకు కావాలో మీకే తెలుస్తుంది. స్పీకర్లు ఈ లెక్కలో లేవు, ఈ గదిలో ఇప్పుడు అక్కర్లేదు. మిక్సింగు మొదటి ఏడాది హెడ్‌ఫోన్లలో చేసి, ఫోనులోనూ ఆటోలోనూ విని సరిచూసుకోండి.

ఇంటర్‌ఫేస్‌కు రెండు మైకు ఇన్‌పుట్లు, 48 వోల్టుల ఫాంటమ్ (కండెన్సరు మైకుకు తీగలోంచే ఇచ్చే కరెంటు), లాప్‌టాప్‌తో పని లేకుండా మైకును తిన్నగా వినే డైరెక్ట్ మానిటర్ ఉంటే చాలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, మోటూ ఎం2 లాంటివి ఈ కోవలోవే. మొదటి మైకుగా షూర్ ఎస్‌ఎం57 తీసుకోండి. 1965 నుంచి వస్తున్న డైనమిక్ మైకు (బయటి కరెంటు అక్కర్లేని రకం) ఇది. డప్పుకూ హార్మోనియానికీ పనికొస్తుంది, పాప్ ఫిల్టరు పెడితే గొంతుకూ సరే. షూర్ మైకులకు నకిలీలు విపరీతం. సగం ధరకు వస్తోందంటే అది అసలుది కాదు. అధీకృత డీలరు దగ్గర మీ పేరు మీద బిల్లుతోనే కొనండి. పలకలు బిగించాక గొంతు కోసం ఆడియో-టెక్నికా ఏటీ2020 తరహా కండెన్సరు తీసుకోవచ్చు.

కండెన్సరు దూరపు చప్పుళ్లు పీల్చేస్తుందనీ డైనమిక్ పీల్చదనీ అందరూ అంటారు. అందులో సగమే నిజం. డైనమిక్‌ను నోటికి రెండంగుళాల్లో వాడతాం, కండెన్సరును ఎనిమిది అంగుళాల్లో. దూరం సగమైనప్పుడల్లా గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, గది చప్పుడు పెరగదు. తేడా ఎక్కువగా అక్కడ వస్తోంది. మరీ దగ్గరికెళితే అడుగు స్థాయి ఉబ్బుతుంది, కాబట్టి నాలుగైదు అంగుళాలతో మొదలెట్టి చెవితో సర్దుకోండి.

ఒక మాట చెమ్మ గురించి. కండెన్సరు మైకు తెరకు చెమ్మ పడితే చిటపటమని చప్పుడు వస్తుంది, చాలామంది తీగ పాడైందనుకుంటారు. పని కాగానే మైకును సిలికా జెల్ వేసిన గట్టిమూత డబ్బాలో పెట్టండి. నీలం జెల్ గులాబీ రంగుకు మారిందంటే దాని పని అయిపోయినట్టు, వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

రికార్డింగు సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. ఒక ట్రాకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు, గంటకు 520 దాకా అవుతుంది. గొంతు ఎత్తుకున్నప్పుడు సాఫ్ట్‌వేరులోని లెవెల్ మీటరు మైనస్ 12 డెసిబెళ్లకూ మైనస్ 6కూ మధ్య ఆడాలి. డప్పు వాళ్లకు మైనస్ 18 దగ్గర పెట్టండి, ట్రయల్‌లో కొట్టిన దానికి రెట్టింపు అసలు టేకులో కొడతారు. సాఫ్ట్‌వేరుకు డబ్బు తగలేయక్కర్లేదు. ఆడాసిటీ ఉచితం, రీపర్ 60 రోజులు వాడి చూసి తర్వాత కొనుక్కోవచ్చు. బఫర్ (లాప్‌టాప్ ఒక్కో విడత తీసుకునే శబ్దపు ముక్కల లెక్క) రికార్డింగులో 128, మిక్సింగులో 1024. పాడేవాళ్లు తమ గొంతు ఆలస్యంగా వినబడుతోందంటే బఫర్‌తో కుస్తీ పట్టకుండా డైరెక్ట్ మానిటర్ మీట నొక్కండి. మైకు పెట్టాక ముప్పై సెకన్ల మౌనం రికార్డు చేసి, పెద్దగా చేసుకుని వినండి. ఫ్యాను, ట్యూబులైటు, లాప్‌టాప్ ఫ్యాను, కిందింటి ఫ్రిజ్జు ఒక్కోటి ఆపుతూ పోతే ఏది ఎంత గోల చేస్తోందో తేలుతుంది.

హార్మోనియంతో పాడే మనిషికి రెండు మైకులు పెట్టినప్పుడు ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి కారడమే పెద్ద తలనొప్పి. గొంతు మైకును హార్మోనియం పైభాగం నుంచి, కింది నుంచి పైకి నోటి వైపు చూసేలా వంచండి. కార్డియాయిడ్ (ముందు వైపే ఎక్కువగా వినే) మైకుకు వీపు చెవిటిది, ఆ వీపును హార్మోనియానికి చూపించాలి. హార్మోనియం మైకు ఒక అడుగు పైన, మెట్ల వైపు నుంచి. తిత్తి వైపు పెడితే పాటలో ప్రతి దమ్మూ ఉస్సుమని వినిపిస్తుంది. రెండు మైకుల మధ్య దూరం, మైకుకూ వాయిద్యానికీ ఉన్న దూరానికి మూడింతలుండాలన్నది పాత సూత్రం. ఒడిలో హార్మోనియం పెట్టుకుని పాడేచోట అది పూర్తిగా కుదరదు, దగ్గరికి తెచ్చుకోగలిగినంత తెచ్చుకోండి. జముకు మైకును తోలుకు తిన్నగా కాక కాస్త పక్కగా, అడుగున్నర దూరంలో పెట్టండి.

డప్పునూ తప్పెటగుళ్లనూ ఈ గదిలో పెట్టొద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. పది అడుగుల గదిలో డప్పు కొడితే పలకలెన్ని ఉన్నా స్లాబు దానితోపాటు మోగుతుంది. రొమ్ముకు తప్పెట కట్టుకుని ఎగిరేవాళ్లకు ఈ ఎత్తూ చాలదు, వెడల్పూ చాలదు. తెల్లవారుజామున గాలి లేనప్పుడు డాబా మీద చేయండి, చుట్టూ గోడలు లేవు కాబట్టి గింగురు లేదు. డప్పుకు ఎస్‌ఎం57ను మూడు నాలుగడుగుల దూరంలో, తోలుకు ఏటవాలుగా పెట్టాలి, స్పాంజి తొడుగు తప్పనిసరి. తప్పెటగుళ్ల జట్టుకు ఒకే రకం మైకులు రెండు కావాలి. అక్కడికి పదడుగుల దూరంలో, రొమ్ము ఎత్తులో, మైకుల మూతుల మధ్య 17 సెంటీమీటర్లు, రెండూ బయటికి తిరిగి 110 డిగ్రీల కోణంలో ఉంచితే ఎవరు ఏ పక్క ఎగురుతున్నారో వినేవాడికి కళ్లకు కట్టినట్టుంటుంది. నేల అదురు స్టాండులోంచి పాకకుండా దాని కాళ్ల కింద మడత బొంత వేయండి. చినుకుల రోజుల్లో డప్పు తోలు సడలి టేకుకూ టేకుకూ శ్రుతి దిగిపోతుంది. మంట కాచుకోవడానికి చోటు ఉంచండి, పలకలున్న గదికి మాత్రం దూరంగా.

సవర పెద్దల పాటలకు వాళ్లను మేడ మెట్లెక్కించకండి. గిడుగు రామమూర్తి మీ ఊళ్లోనే ఉంటూ సవర భాష నేర్చుకున్నది ఆ మాట మాట్లాడేవాళ్ల నోట వినే. లాప్‌టాప్ నిండా చార్జి చేసుకుని, యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, ఎస్‌ఎం57, రెండు బొంతలు పట్టుకుని మీరే కొండెక్కండి. మట్టి గోడలు, గడ్డి కప్పున్న ఇల్లు దొరికితే మీ గదికంటే మెత్తగా వినిపిస్తుంది. రేకుల కప్పు కింద మాత్రం వద్దు. దండెం మీద ఒక బొంతను పాడేవాళ్ల వీపు వెనక, ఇంకోదాన్ని మైకు వెనక వేలాడదీయండి. ఈ పాట ఎవరికి వినిపించవచ్చు, ఎవరికి వద్దు అన్నది పాడించక ముందే అడగండి. కొన్ని పాటలు కర్మకాండకు చెందినవి, పూట పూటా పాడేవి కావు. రోజు కూలి పోగొట్టుకుని కూర్చుంటారు కాబట్టి దానికి తగ్గ డబ్బు చేతిలో పెట్టండి.

ప్రతి ఫైలు మూడు చోట్ల ఉండాలి, లాప్‌టాప్‌లో, డిస్కులో, ఊరు కాని ఊళ్లో. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా ముంచిందో మీకు చెప్పక్కర్లేదు. ఒకే బీరువాలో పెట్టిన రెండు డిస్కులు లెక్కకు ఒకటే. ఫైలు పేర్లు తర్వాత పెట్టుకుందామనుకుంటే ఆ తర్వాత రాదు. అందుకని రికార్డు మీట నొక్కగానే, పాట మొదలవక ముందే, పాడేవాళ్ల చేతే వాళ్ల పేరు, ఊరు, పాట ఏ సందర్భానిదో చెప్పించి, తేదీ మీరు చెప్పండి.